గడప దాటించేదెవరు?
వికలాంగుల సహాయ మేళా: విచారణ కుటుంబాలకు ఒక పాఠం

మార్కు సువార్త రెండవ అధ్యాయంలోని కఫర్నాము సంఘటన మనందరికీ తెలిసినదే. ఒక పక్షవాత రోగిని నలుగురు మోసుకొని వచ్చారు. ఇంటినిండా జనం. వాకిట్లో కాలు మోపే చోటు లేదు. ఆ నలుగురూ పైకెక్కి, కప్పు విప్పి, మంచాన్ని ప్రభువు ముందుకు దించారు. ఈ భాగం చదివినప్పుడు మన మనస్సు వెంటనే స్వస్థత మీదికి పోతుంది. ఒక్క నిమిషం ఆ వాకిలి దగ్గరే ఆగుదాం. ఆ మనిషి ప్రభువు దగ్గరకు చేరకుండా అడ్డుపడినదేమిటి? పక్షవాతం అడ్డుపడలేదు, దానిని నలుగురు మోశారు. అడ్డుపడినది వాకిట్లోని జనం. వారు చెడ్డవారేమీ కారు. వాక్యం వినవచ్చిన భక్తులే. తమ వెనుక ఒక మంచం ఎదురుచూస్తున్నదని వారు వెనుదిరిగి చూడలేదు, అంతే.

ప్రియ పాఠకులారా, నేటి మన పాఠం ఆ వాకిలి గురించే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారి కోసం చట్టాలున్నాయి, పింఛన్లున్నాయి, పరికరాలున్నాయి, బడులున్నాయి. అవి ఒకచోట లేవు. ఒకటి ఆసుపత్రిలో, ఒకటి సచివాలయంలో, ఒకటి నరసరావుపేటలో, ఒకటి నెల్లూరులో. దుర్గి మండలంలోని ఒక కూలి కుటుంబం నరసరావుపేటకు వెళ్ళి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్లే. నడవలేని బిడ్డను ఎత్తుకొని వెళ్ళాలంటే ఇద్దరి కూలి పోయినట్లు. అందుకే పలుచోట్ల ఈ సహాయాలన్నిటినీ ఒక రోజు ఒకే పందిరి కిందికి తెచ్చే మేళాలు జరుగుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఢిల్లీలో మొదలుపెట్టిన దివ్య కళా మేళా 2024లో విశాఖపట్నానికీ వచ్చింది. అందులో వికలాంగులు తాము చేసిన వస్తువులను తామే అమ్ముకున్నారు. గోవాలో 2023 జనవరిలో పర్పుల్ ఫెస్ట్ పేరుతో పెద్ద ఉత్సవమే జరిగింది. అంత పెద్దవి కాకపోయినా, మండల స్థాయిలో ఇలాంటి మేళా పెట్టడం మన విచారణల చేతిలోని పనే. అయితే అది ఫలించాలంటే వికలాంగుడు మూడు గడపలు దాటాలి.

మొదటిది: ఇంటి గడప

చాలా ఇళ్ళలో వికలాంగుడైన బిడ్డ వెనుక గదిలోనే పెరుగుతాడు. చుట్టాలు వస్తే తలుపు దగ్గరకు వేస్తారు. అక్క పెళ్ళి సంబంధం చెడిపోతుందని భయం. అంతకంటె లోతైన భయం మరొకటున్నది: ఇది ఎవరి పాపమో అని. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో శిష్యులు పుట్టుగుడ్డివానిని చూసి ప్రభువును అడిగినది ఈ ప్రశ్ననే. వాని పాపమా, తల్లిదండ్రుల పాపమా? రెండూ కాదని ప్రభువు తేల్చి చెప్పారు. రెండువేల ఏండ్ల క్రితం ప్రభువు కొట్టివేసిన మాటను మనం ఇంకా చావిట్లో కూర్చుని చెప్పుకోవడం తగునా?

మన పల్నాటి సంగతే చూడండి. మెట్ట గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది పాత కబురే. పొరుగునే ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోవడాన్ని వైద్యులు 1937లోనే గుర్తించి ప్రకటించారు. మన దేశంలో ఈ జబ్బును గురించి వెలువడిన మొదటి నివేదిక అదే. నడుము వంగిన ఆ పెద్దాయన చేసిన పాపమేమిటి? తన ఊరి నీళ్ళు తాను తాగడమే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీరు తాగరాదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. కనుక మన మేళాలో నీటి పరీక్షకు ఒక బల్ల తప్పక ఉండాలి.

ఇంటి గడప దగ్గరే మరొక ముల్లు ఉన్నది. అది పేరు. కుంటోడు, గుడ్డామె, మూగోడు, పిచ్చిది అని పిలిచి పిలిచి, వారికి జ్ఞానస్నానంలో పెట్టిన పేరు ఏమిటో ఊరివారే మరచిపోయిన సందర్భాలున్నాయి. దేవుడు మనలను పేరుపెట్టి పిలిచాడని నమ్మే మనం సాటి మనిషిని అతని లోపంతో పిలువవచ్చునా? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అవమానించాలనే ఉద్దేశంతో నలుగురిలో వికలాంగుని కించపరచినవారికి ఆరు నెలల నుంచి ఐదేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. చట్టానికి భయపడి కాకపోయినా, జ్ఞానస్నానానికి గౌరవమిచ్చి అయినా పేరుతో పిలుద్దాం.

రెండవది: కచేరీ గడప

ఇంట్లోంచి బయటికి వచ్చిన కుటుంబానికి ఎదురయ్యేది కాగితాల గడప. ఇక్కడ తెలియవలసిన సంగతులు కొన్ని వివరంగా చెప్పుకుందాం.

ముందుగా చట్టం. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. ఇది 21 రకాలను గుర్తించింది. చూపు, వినికిడి, కాళ్ళు చేతులు మాత్రమే గాక బుద్ధిమాంద్యం, ఆటిజం, మానసిక రోగం, కండరాల క్షీణత, తలసీమియా, పార్కిన్సన్ వ్యాధి, ఆమ్ల దాడికి గురైనవారు, కుష్ఠు నయమైనవారు కూడా ఇందులోకి వస్తారు. మా వాడికి కాళ్ళు చేతులు బాగానే ఉన్నాయి, వాడు వికలాంగుడెట్లా అవుతాడు అని ఊరుకున్న తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం, ప్రభుత్వ, ప్రభుత్వ సహాయంతో నడిచే ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లు కేటాయించాలి. వారిలో 6 నుంచి 18 ఏండ్ల పిల్లలకు ఉచితంగా చదువుకొనే హక్కు ఉన్నది.

తరువాత ధృవపత్రం. మన రాష్ట్రంలో సదరం శిబిరంలో ప్రభుత్వ వైద్యులు పరీక్షించి శాతం నిర్ణయిస్తారు. ఇందుకు సచివాలయంలో గాని మీసేవలో గాని ముందుగా తేదీ తీసుకోవాలి. దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డును యు.డి.ఐ.డి. కార్డు అంటారు. ఇక్కడ జరిగే పొరపాట్లు చిన్నవి, ఫలితాలు పెద్దవి. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు, జ్ఞానస్నాన పత్రంలో మరొక పేరు ఉంటే పని అక్కడే ఆగిపోతుంది. మేళాకు వారం ముందే యువజన సంఘంవారు ఇంటింటికి వెళ్ళి ఈ పేర్లు సరిచూస్తే సగం పని పూర్తి అయినట్లే.

పింఛను విషయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. ఇది దయాభిక్ష కాదు, హక్కు. అదే సమయంలో అర్హత లేనివారు దొంగ ధృవపత్రంతో తీసుకునే ప్రతి రూపాయీ నిజమైన వికలాంగుని కంచంలో నుంచి తీసినదే. ఈ మాట కూడా మన ఇళ్ళలో చెప్పుకోవాలి.

పరికరాల విషయం. మూడు చక్రాల బండ్లు, చక్రాల కుర్చీలు, ఊతకర్రలు, వినికిడి యంత్రాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో కాన్పూరులో 1972లో ఏర్పడింది. ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబాలకు ఎడిప్ పథకం కింద వీటిని ఉచితంగానో సగం ధరకో ఇస్తారు. మొదట కొలతలు తీసుకునే శిబిరం, తరువాత పంపిణీ శిబిరం జరుగుతాయి. కొలతలకు రాని వారికి పంపిణీనాడు బండి ఉండదు. ఎవరో వాడి విడిచిన కుర్చీని దానంగా ఇచ్చేవారు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొలత కుదరని కుర్చీ నడుముకు పుండ్లు తెస్తుంది.

పిల్లల విషయం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులుంటారు. బుద్ధిమాంద్యం గల పిల్లలకు సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వపు పునరావాస కేంద్రం ఉన్నది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం గలవారికి నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభిస్తుంది. మనోవేదనతో బాధపడేవారు, వారిని చూసుకుంటూ అలసిపోయిన తల్లులు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది.

ఈ గడప దాటినవారు ఎంత దూరం పోగలరో చూడండి. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్‌ను చూసి, ఈ బిడ్డ ఎందుకని ఇరుగుపొరుగువారు తల్లిదండ్రులతో అన్నారట. పదవ తరగతి తరువాత సైన్సు చదవనీయమంటే ఆయన న్యాయస్థానానికి వెళ్ళి గెలిచి చదివారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పట్టా పొందారు. 2012లో బొల్లాంట్ పరిశ్రమను స్థాపించి తనవంటి వారికి పని చూపించారు. ఆ నిరక్షరాస్యులైన తల్లిదండ్రులు ఇరుగుపొరుగు మాట విని ఉంటే?

మూడవది: గుడి గడప

ఇతరుల గడపల గురించి మాట్లాడిన మనం మన దేవాలయం మెట్ల దగ్గర ఆగి చూసుకోవాలి. మేళా ఎక్కడ పెట్టినా, దాని మొదటి బల్ల మన గుడి వాకిలే.

దుర్గి శిల్పులు రాతిని చెక్కడంలో పేరుపొందినవారు. దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అటువంటి చేతులున్న ప్రాంతంలో మెట్ల పక్కన ఒక వాలుబాట వేయడం కష్టమా? లెక్క సులువే. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు అడుగున్నర, బాట పొడవు పద్దెనిమిది అడుగులు. వెడల్పు నాలుగడుగులు, రెండు పక్కలా పట్టుకొనేందుకు కమ్మీ, కాలు జారని గరుకు నేల. తలుపు మూడడుగుల వెడల్పు ఉంటే కుర్చీ లోపలికి పోతుంది. తొందరపడి నిటారుగా వేసిన బాట వల్ల మేలు లేకపోగా కుర్చీ వెనక్కి దొర్లి ప్రమాదం జరుగుతుంది.

లోపల ఏం చేయాలి? బెంచీల వరుసలో ఒకచోట కుర్చీకి స్థలం వదలాలి. చిట్టచివర కాదు, కుటుంబంతో కలిసి కూర్చొనే చోట. వినలేనివారికి గురువుగారి పెదవులు కనబడే ముందు వరుస ఇవ్వాలి. ఆనాటి పఠనాలను పెద్ద అక్షరాలలో రాసి ఇవ్వవచ్చు. మాట రానివారు పాపసంకీర్తనానికి దూరమైపోనవసరం లేదు. దుబాసి ద్వారా పాపసంకీర్తనం చేయడానికి శ్రీసభ చట్టం అనుమతిస్తుంది. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు సత్ప్రసాదం ఎందుకులే అని మనమే తీర్పు చెప్పకుండా, విచారణ గురువులతో మాట్లాడి, వానికి తగిన రీతిలో సిద్ధపరచాలి.

వికలాంగుడు సేవలు పొందేవాడు మాత్రమే అనుకోవడం కూడా ఒక గడపే. 2022 మే నెల నుంచి ఫ్రాన్సిస్ పోపుగారు చక్రాల కుర్చీలో కూర్చొని శ్రీసభను నడిపించారు. 2025 ఏప్రిల్‌లో పరమపదించేవరకు ఆ కుర్చీని ఆయన దాచుకోలేదు. కేరళలో 2024 మే నెలలో పుట్టుకతో చెవుడు, మూగతనం గల ఒక యువకుడు గురువుగా అభిషిక్తుడయ్యాడు. ఆయన సైగలతోనే దివ్యబలిపూజ సమర్పిస్తారు. మన విచారణలో చూపులేని అమ్మాయి పాటల బృందంలో ఎందుకు ఉండకూడదు? ఊతకర్రల అబ్బాయి పఠనం ఎందుకు చదవకూడదు?

మేళా ముగిసిన మరునాడు

మేళాకు తేదీ నిర్ణయించేటప్పుడు మిర్చి కోతలు, పత్తి తీతలు లేని రోజు చూడాలి. సచివాలయ సిబ్బందిని, ఆశా కార్యకర్తలను, భవిత ఉపాధ్యాయులను, బ్యాంకు వారిని ముందుగా పిలవాలి. కుల మత భేదం లేకుండా అందరికీ కబురు పంపాలి. ఏం కావాలో వికలాంగులనే మొదట అడగాలి. నీడ, మంచినీళ్ళు, కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉండాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒక రిజిస్టరు. వచ్చిన ప్రతి కుటుంబం పేరు, వారి అవసరం అందులో రాయాలి. ఆ కుటుంబానికి మరియదళం నుంచో, విన్సెంట్ ది పాల్ సభ నుంచో, యువజన సంఘం నుంచో ఒక తోడును అప్పగించాలి. కార్డు చేతికి వచ్చేదాకా, పింఛను పడేదాకా, బిడ్డ బడిలో చేరేదాకా ఆ తోడు వారి వెంట నడవాలి. కఫర్నాములో ఆ నలుగురు మంచాన్ని వాకిట్లో దించేసి, మా పని అయిపోయిందని వెళ్ళిపోలేదు గదా! ఫొటోలు, దండలు, ఉపన్యాసాలు ఒక్క పూటవి. ఫలితం ఆ రిజిస్టరులో తెలుస్తుంది.

కుటుంబంలో చర్చించుకొనుటకు

1. మన వీధిలో వికలాంగులెవరు? వారి జ్ఞానస్నానపు పేరు, లేదా ఇంటివారు పెట్టిన పేరు మనకు తెలుసా?
2. వారికి ధృవపత్రం, కార్డు, పింఛను ఉన్నాయా? లేకపోతే ఎక్కడ ఆగింది?
3. మన ఇంట్లో ఎవరినైనా చుట్టాల కంటబడకుండా ఉంచుతున్నామా?
4. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి వచ్చే ఆదివారం మన గుడిలోకి తానుగా రాగలడా?
5. మంచాన్ని మోసిన నలుగురిలో మన కుటుంబం ఒకరి స్థానం తీసుకోగలదా?

ఈ వారపు తీర్మానం: ఒక ఇంటికి వెళ్ళి, ఒక మనిషిని పేరుపెట్టి పలకరించి, ఏం కావాలని అడుగుదాం. చెప్పినదాన్ని కాగితం మీద రాసుకుని విచారణ గురువులకు అందజేద్దాం. మేళా అక్కడే మొదలవుతుంది.