చైనా కంపెనీల చట్టం: పాలన, సామాజిక బాధ్యత

చైనా కంపెనీల చట్టం 1993 డిసెంబరు 29న ఆమోదం పొంది, 1994 జులై 1న అమల్లోకి వచ్చింది. కంపెనీలు సామాజిక బాధ్యత వహించాలన్న మాటను 2005 సవరణ 5వ అధికరణంలో చేర్చింది. ఉల్లంఘిస్తే ఏ శిక్షో అందులో లేదు. అందుకే అది అమలుకు నిలిచే నిబంధనా, వట్టి ఆదర్శమా అన్నది పరిశోధకుల ప్రధాన చర్చగా మారింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న సవరించిన చట్టంలోని 20వ అధికరణం మరింత స్పష్టమైనది: ఉద్యోగులు, వినియోగదారుల ప్రయోజనాలను, పర్యావరణ పరిరక్షణను కంపెనీలు పూర్తిగా పరిగణించాలి. సామాజిక బాధ్యత నివేదికల ప్రచురణను మాత్రం ప్రోత్సహిస్తుందే తప్ప తప్పనిసరి చేయదు. భారత్‌లో 2013 చట్టంలోని 135వ సెక్షన్ అర్హత గల కంపెనీలకు విధించిన 2 శాతం వ్యయ నిబంధన వంటిది చైనా చట్టంలో లేదు; పరీక్షార్థులు గుర్తుంచుకోవాల్సిన తేడా ఇదే.

పాలనలో డైరెక్టర్ల బోర్డుతో పాటు పర్యవేక్షక మండలి ఉంటుంది. మండలిలో కనీసం మూడో వంతు ఉద్యోగుల ప్రతినిధులు ఉండాలి. ఆచరణలో అది బలహీనమన్న విమర్శ పాతదే. దాని స్థానంలో బోర్డు పరిధిలోనే ఆడిట్ కమిటీని పెట్టుకునే వీలు కొత్త సవరణ కల్పించింది. కంపెనీల్లో కమ్యూనిస్టు పార్టీ శాఖల ఏర్పాటునూ చట్టమే గుర్తిస్తుంది.