హాస్పిటలిస్టు – వైద్యవిద్యలో నొక క్రొత్త శాఖ

విద్యార్థులారా! వైద్యశాస్త్రమున శాఖలేవి యని యడిగినచో, కంటి వైద్యము, గుండె వైద్యము, ఎముకల వైద్యము, శిశు వైద్యము అని మీరు వ్రేళ్లు మడచి చెప్పగలరు. ఇవి అవయవమును బట్టియో, రోగి వయస్సును బట్టియో యేర్పడినవి. రోగి యున్న తావును బట్టి యేర్పడిన శాఖలు కొన్ని మాత్రమే. అట్టివానిలో మిక్కిలి వేగముగా పెరిగినది అమెరికా సంయుక్త రాష్ట్రములలో పుట్టిన 'హాస్పిటల్ మెడిసిన్'. ఆసుపత్రిలో చేరిన రోగులను మాత్రమే చూచు ఈ వైద్యుని 'హాస్పిటలిస్టు' అందురు. ఇతడు కత్తి పట్టి శస్త్రచికిత్స చేయువాడు కాడు. న్యుమోనియా, మధుమేహము, గుండెజబ్బు ఒకే దేహమున కలిసివచ్చిన రోగిని మొత్తముగా చూచువాడు.

పూర్వము ఆ దేశమున పద్ధతి వేఱుగా నుండెను. కుటుంబ వైద్యుడు ఉదయము తన క్లినిక్కు తెఱచుటకు ముందు ఆసుపత్రికి పోయి, అచ్చట చేరిన తన రోగులను చూచి, మరల సాయంకాలము వచ్చుచుండెను. రోగి ఇల్లు, అలవాట్లు, పాత జబ్బులు అన్నియు అతడెఱుగును. ఇది గొప్ప సౌకర్యమే. కాని మధ్యాహ్నము రెండు గంటలకు రోగికి ఊపిరి సలుపకపోయినచో నేమగును? వైద్యుడు మైళ్ల దూరమున తన క్లినిక్కులో నున్నాడు. నర్సు ఫోను చేయవలెను. అతడు చూడకయే ఉత్తరువు చెప్పవలెను.

1983లో మెడికేర్ అను ప్రభుత్వ బీమా ఆసుపత్రులకు సొమ్ము చెల్లించు రీతిని మార్చినది. రోగి ఎన్ని దినములున్నను, వ్యాధిని బట్టి ముందుగా నిర్ణయించిన మొత్తమునే యిచ్చుట మొదలుపెట్టినది. దానితో రోగిని త్వరగా నయముచేసి పంపుట ఆసుపత్రికి లాభకరమైనది. తేలిక జబ్బులవారు ఇంటనే చికిత్స పొందసాగిరి. వార్డులలో మిగిలినవారు మునుపటికంటె తీవ్రముగా జబ్బుపడినవారు. గంట గంటకు పరీక్షాఫలితములు వచ్చుచుండగా దినమునకు రెండుమార్లు తొంగిచూచు వైద్యము చాలకపోయెను.

1996లో శాన్‌ఫ్రాన్సిస్కోనందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అను వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వ్యాసము వ్రాసి, 'హాస్పిటలిస్టు' అను మాటను లోకమునకిచ్చిరి. భాషోపాధ్యాయుడను గనుక ఒక మాట చెప్పెదను. హాస్పిటల్ అను పదమునకు మూలము లాటిన్ భాషలోని 'హాస్పెస్'. దానికి అతిథి యనియు, అతిథికి ఆతిథ్యమిచ్చువాడనియు రెండర్థములు కలవు. మన 'ఆసుపత్రి'యు ఆ వంశమునకు చెందినదే.

మఱుసటి యేడు, 1997లో, ఈ వైద్యులకొక సంఘమేర్పడెను. 2003 నుండి దానిపేరు సొసైటీ ఆఫ్ హాస్పిటల్ మెడిసిన్. ఆ సంవత్సరముననే శిక్షణలోనున్న యువవైద్యులచే వారమునకు 80 గంటలకు మించి పని చేయించరాదని నియమము వచ్చుటచే, వారు విడిచిన పని చేయుటకు వేఱు వైద్యులు కావలసివచ్చిరి. 2016 నాటికి హాస్పిటలిస్టులు 50,000కు మించిరి. ఇరువదేండ్లలో ఇంతగా పెరిగిన వైద్యశాఖ అరుదు.

అయితే చిక్కొకటి కలదు. దానిని ఆ యిద్దరు వైద్యులు మొదటి వ్యాసముననే గుర్తించిరి. ఇంటి వైద్యుడు వార్డు వైద్యునికి, వార్డు వైద్యుడు మరల ఇంటి వైద్యునికి రోగిని ఒప్పగించవలెను. అనేకచోట్ల హాస్పిటలిస్టు ఏడు దినములు పనిచేసి ఏడు దినములు విశ్రమించును. కావున లోపలను ఒక ఒప్పగింత తప్పదు. ప్రతి ఒప్పగింతలోను ఏదోయొకటి జారిపోవుటకు వీలున్నది.

ఇది అమెరికాకే చెందిన చిక్కు కాదు. కొన్నేండ్ల క్రిందట మా తండ్రిగారిని ఒక ఆసుపత్రిలో చేర్చితిమి. వారికి తెలుగు తప్ప వేఱు భాష రాదు. ఇంటివద్ద రక్తపుపోటుకు మాత్రలు వాడుచున్నారా యని వైద్యుడు ఈ రాష్ట్రపు భాషలో నడిగినపుడు, నేను చెంతలేను. ప్రశ్న అర్థముకాకపోయినను, పెద్ద డాక్టరుగారిని మఱల అడుగుట మర్యాద కాదని వారు కాదన్నట్లు తలయూపిరి. ఇంటికి పంపునపుడు వేఱు పేరుతో అదే మందును వ్రాసియిచ్చిరి. వారము దినములు రెండును మ్రింగిరి. లేచి నిలువబోగా కన్నులు చీకట్లు క్రమ్మి పడబోవుచుండిరి. తుదకు మందుల దుకాణమువాడు రెండు డబ్బాలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచి చెప్పెను. తప్పు వైద్యునిదే యని నేననను. మా అందరి నడుమ జారిపడినది.

ఈ జారుపాటును ఆపుట హాస్పిటలిస్టు చేయవలసిన ముఖ్యమైన పనులలో నొకటి. రోగి చేరిన దినముననే అతడు ఇంట వాడు మందుల పట్టిక తయారుచేయవలెను. పంపు దినమున ఏవి మానవలెనో, ఏవి క్రొత్తవో విడదీసి చెప్పి, రోగిచే తిరిగి చెప్పించుకొనవలెను. ఇంటి వైద్యునికి లేఖ వ్రాయవలెను. రోగి ఇల్లు చేరిన పిమ్మట వచ్చు పరీక్షాఫలితమును ఎవరు చూడవలెనో అందు తెలుపవలెను. ఇంటిలోని మాత్రలన్నియు సంచిలో వేసి తెండని అచ్చటి వైద్యులు రోగులకు చెప్పుట కలదు.

మా యింట తలుపు వెనుక మేకునకు అట్టి సంచి యొకటి వ్రేలాడుచున్నది. తాతగారి మందుల పేర్లు, వేళలు రెండు భాషలలో వ్రాసిన చీటి అందున్నది. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి దానిని వ్రాసినది.