పన్ను: బాకీనా? బాధ్యతా?

హాస్టల్లో చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడిన మనవాళ్లు కలిసినప్పుడల్లా "సమాజానికి తిరిగి ఇవ్వాలి" అనే మాట వినిపిస్తుంది. మంచి మాటే. కాని జీతం పెరిగాక "పన్ను తప్పించుకునే దారేదైనా ఉందా?" అనే మాట కూడా వినిపిస్తుంది. ఈ రెండూ ఒకే నోట రావచ్చునా? మనల్ని చదివించిన ప్రభుత్వానికి పన్ను కట్టడం మన నైతిక ధర్మమా? ఈ వార్షికోత్సవ వేళ కలిసి ఆలోచిద్దాం.

మన అన్నం ఎవరిది?

తెలంగాణలో 2024 నవంబరులో 8, 9, 10 తరగతుల హాస్టల్ విద్యార్థికి మెస్ చార్జీలు నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలకు పెరిగాయి. ఏడాదికి పది నెలల చొప్పున లెక్కవేస్తే మూడేళ్లకు 46,200 రూపాయలు. ఇది ధనవంతులు కట్టే ఆదాయపు పన్నులోంచే వస్తుందనుకుంటే పొరపాటు. కౌకూర్‌లో కూలికి వెళ్లే తల్లి కిరాణా కొట్టులో ఒంటి సబ్బు కొన్నా జి.ఎస్.టి. కడుతుంది. 2025 సెప్టెంబరు 22కు ముందు అది 18 శాతం, ఆ తేదీ నుంచి 5 శాతం. తన పిల్లలకు హాస్టల్ సీటు రాకపోయినా ఆమె కడుతూనే ఉంటుంది. మన పళ్లెంలో ఆ తల్లి రూపాయి కూడా ఉంది.

అంబేద్కర్ చూపిన దారి

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో బాబాసాహెబ్ 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం రాసిచ్చారు. మాట ప్రకారం 1917లో వచ్చి ఉద్యోగంలో చేరారు. కాని అంటరానివాడని ఆ ఊళ్లో ఆయనకు ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఉద్యోగం వదిలి బొంబాయి వెళ్లిపోవలసి వచ్చింది.

అయినా 1925లో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థపై వెలువరించిన తన గ్రంథాన్ని, చదువుకు చేసిన సాయానికి కృతజ్ఞతగా ఆ మహారాజుకే అంకితమిచ్చారు. తనకు జరిగిన అవమానాన్నీ దాచలేదు, రాసి పెట్టారు. మేలును మరవకుండానే అన్యాయాన్ని నిలదీయవచ్చని మనకు దీనివల్ల తెలుస్తుంది.

బాకీ కాదు, వాటా

మరి పన్ను బాకీ లాంటిదా? బాకీ అయితే 46,200 రూపాయలు కట్టేసి చేతులు దులుపుకోవచ్చు. చదువు మధ్యలో ఆగి కూలికి పోతున్న మన స్నేహితుడు కూడా అంతే కట్టాలి. అది న్యాయం కాదు. కాబట్టి పన్నును వాటాగా చూడాలి. మన శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ టీకానే చూడండి. అందుకు కావలసిన వైరస్‌ను పుణేలోని ప్రభుత్వ వైరాలజీ సంస్థ వేరుచేసి ఇచ్చింది. అందుకే అమ్మకాలపై 5 శాతం రాయల్టీ ఐ.సి.ఎం.ఆర్.కు చెందేలా ఒప్పందం జరిగింది. మనం అలాంటి కాగితం మీద సంతకం పెట్టలేదు. ఎదిగినకొద్దీ పెరిగే పన్నే మన ఒప్పందం.

రెండు సందేహాలు

"హాస్టల్ మన హక్కు, ఎవరి దయా కాదు. మరి రుణమెక్కడిది?" అని అడగవచ్చు. నిజమే, బలహీన వర్గాల విద్యను ప్రోత్సహించాలని రాజ్యాంగం 46వ అధికరణం ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. కాని ఖజానా నిండితేనే ఆ హక్కు అన్నంగా మారుతుంది. మన వెనుక వచ్చే తమ్ముడికీ, చెల్లెలికీ అదే హక్కు ఉంది కదా!

"కట్టిన డబ్బు తినేస్తున్నారు కదా?" అన్నది రెండో సందేహం. ఎగ్గొట్టినంత మాత్రాన తినేవాడు మానడు, మెస్‌లో గుడ్డు మాత్రం తగ్గుతుంది. చట్టం ఇచ్చిన మినహాయింపులు వాడుకోవడం తప్పు కాదు. దొంగ బిల్లులు పెట్టడం, ఆదాయం దాచడం తప్పు. లెక్క అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు మీరు ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, వ్యాపారులు అవుతారు. పూర్వ విద్యార్థుల నిధికి చందా ఇవ్వండి, సంతోషమే. కాని అది మన ఒక్క హాస్టల్‌కే చేరుతుంది. పన్ను మనం ఎన్నడూ చూడని హాస్టళ్లకు కూడా చేరుతుంది. నిజాయితీగా కడదాం, తలెత్తి లెక్క అడుగుదాం.