చాకు లాక్కోవాలా?

ప్రశ్న: మా బాబుకి 9 ఏళ్లు. వేపచెట్టు కింద కూర్చుని చాకుతో బిళ్ళంగోడు చెక్కుతుంటాడు. మొన్న వేలు తెగింది. చాకు లాక్కోవాలా?
– ఒక తల్లి, జాలహళ్ళి, రాయచూరు జిల్లా

జవాబు: వద్దమ్మా, లాక్కుంటే చాటుగా చెక్కుతాడు. వేలు తెగడానికి ఎక్కువగా కారణం మొద్దు చాకే. పదును లేకపోతే గట్టిగా నొక్కాలి, నొక్కితే జారుతుంది. ఎండిన తుమ్మ కట్టె అయితే మరీనూ. కొండపల్లి బొమ్మలవాళ్లు మెత్తటి తెల్లపొణికి కట్టెను ఊరికే ఎంచుకోలేదు! మీవాడికి పచ్చి వేపకొమ్మ ఇవ్వండి. గన్నేరు మాత్రం వద్దు, అది విషం.

మడత చాకు వేళ్ల మీద మూసుకుంటుంది, మడవని చిన్న చాకు మేలు. కూర్చునే చెక్కాలి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, చాకు ఒంటికి అవతలి వైపు పోయేలా. ఒళ్లో పెట్టుకుని చెక్కనివ్వకండి, తొడ లోపల పెద్ద రక్తనాళం ఉంటుంది. చెయ్యి చాచితే చాకు అందేంత దూరంలో చెల్లెళ్లూ తమ్ముళ్లూ ఉండకూడదు. మీరు పక్కనే ఉండాలి.

తెగితే కడిగి, శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా అదిమిపట్టండి. పసుపు, కాఫీపొడి అద్దకండి. అలా అదిమినా రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకున్నా, వేలు మడవలేకపోయినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ధనుర్వాతం టీకా వేయించి 5 ఏళ్లు దాటితే అదీ అడగండి. తొడ తెగి రక్తం చిమ్మితే అదిమి ఉంచే 108కి ఫోన్ చేయండి.