సంతకం నిన్ను కాపాడదమ్మా

సౌమ్యా,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. మీ టీమ్‌లో ఐదుగురు, మందుల హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఆ షాపాయన వారానికో కొత్త మాట. ఇకమీదట రిక్వైర్‌మెంట్లన్నీ కాగితం మీద పెట్టి సంతకం చేయించుకుంటేగానీ కోడ్ మొదలుపెట్టనని రాశావు. నీ విసుగు నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ సంతకం నిన్ను కాపాడదు.

2025 సెప్టెంబర్ సంగతే తీసుకో. 3వ తేదీన జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం చెప్పింది. 22 నుంచి చాలా మందుల మీద 12 శాతం పన్ను 5 శాతానికి దిగింది, కొన్ని ప్రాణరక్షక మందుల మీద మొత్తానికే పోయింది. మధ్యలో మూడు వారాల గడువు కూడా లేదు. ఎన్ని సంతకాలున్నా 22 పొద్దున షాపు తెరిచాక కొత్త రేటుతోనే బిల్లు కొట్టాలి. షాపాయన మాట మారుస్తున్నాడని అనుకోకు, ఆ వ్యాపారమే అలాంటిది. మార్పును ఆపడం నీ వల్ల కాదు. మార్చినప్పుడల్లా అయ్యే ఖర్చు తగ్గించడం మాత్రం నీ చేతిలో పనే.

ఎలాగో ఆ రేటు దగ్గరే చెబుతాను. కోడ్‌లో పదిచోట్ల 12 అని రాసుకున్నవాళ్లకి అప్పుడు రాత్రిళ్లు నిద్ర ఉండదు. రేటును, అది అమల్లోకి వచ్చే తేదీని ఒకే పట్టికలో పెట్టుకున్నవాళ్లకి అది ఒక వరుస చేర్చే పని. అక్కడితో అయిపోలేదు. సెప్టెంబర్ 10న వెయ్యి రూపాయల సరుకు 12 శాతంతో అమ్మారు, అక్టోబర్‌లో అది వాపసు వచ్చింది. క్రెడిట్ నోట్‌లో పన్ను పాత బిల్లు ప్రకారం 120 రూపాయలే పడాలి, 50 కాదు. ఈ ఒక్క వాక్యాన్ని ముందుగా టెస్టుగా రాసి, ఆ తర్వాత కోడ్ ముట్టుకోండి. ఇలాంటి టెస్టులు కొన్ని వందలు పోగయ్యాక ఎవరేం మార్చమన్నా గుండె దడ ఉండదు. చిన్న టీమ్‌కి ఇంతకు మించిన ఆస్తి నాకు కనపడలేదు.

ఇవి నా సొంత మాటలు కావు. 1996లో అమెరికాలో క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల సాఫ్ట్‌వేర్ చిక్కుల్లో పడితే కెంట్ బెక్ అనే ప్రోగ్రామర్ వచ్చి పని తీరు మార్చాడు. ముందు టెస్టు, ఇద్దరు కలిసి ఒకే కోడ్, కొద్ది వారాలకో విడత, కస్టమర్ టీమ్ పక్కనే కూర్చోవడం. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి రూపు కట్టింది అక్కడే. మరుసటి ఏడు సుమారు పది వేలమందికి ఆ సాఫ్ట్‌వేర్ జీతాలు లెక్కకట్టింది. కొన్ని నెలలకే, కస్టమర్ తరఫున కూర్చున్న మనిషి ఒత్తిడి తట్టుకోలేక తప్పుకున్నారు, ఆ స్థానం మళ్లీ సరిగ్గా నిండలేదు. 2000లో ప్రాజెక్టే ఆపేశారు. ఈ పద్ధతిని పొగిడేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు, నీకు మాత్రం అదే ముఖ్యం. షాపు తరఫున నీకు జవాబు చెప్పే మనిషి మీద భారమంతా వేయకు. ఆయన పని ఆయనకుంటుంది. వారంలో రెండు మూడు గంటలు అడుగు, ఆయన లేనప్పుడు చెప్పగల రెండో మనిషిని ఇప్పుడే చూసిపెట్టుకో.

2001లో అమెరికాలోనే, యూటాలోని స్నోబర్డ్‌లో ఇలాంటి పద్ధతులను నమ్మే 17 మంది కూర్చుని ఎజైల్ ప్రకటన రాసుకున్నారు. దాని పేరు మీద ఇప్పుడు పుట్టిన సర్టిఫికెట్లు, హోదాలు నీ ఐదుగురికి అక్కర్లేదు. ఆ 17 మందిలో ఒకడైన అలిస్టెయిర్ కాక్‌బర్న్, ఒకే గదిలో కూర్చునే చిన్న టీమ్‌ల కోసమే క్రిస్టల్ క్లియర్ అని ఒక పద్ధతి రాశాడు, అది చదువు. మీకు గోడ మీద ఒక బోర్డు, పొద్దున పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడం, రెండు వారాలకోసారి షాపులో పెట్టి చూపించడం చాలు. డబ్బు కూడా అలాగే, విడత నడిచాక ఆ విడతకి. అప్పుడు షాపాయన కొత్తది అడిగితే నువ్వు కాదనక్కర్లేదు, దాని బదులు ఏది వెనక్కి జరపాలో ఆయన్నే చెప్పమంటావు. డాక్యుమెంట్లు వద్దని మాత్రం అనుకోకు. పన్ను లెక్కలు, బ్యాకప్ తీసే తీరు రాసిపెట్టి తీరాలి.

వచ్చే వారం మీలో ఇద్దరు వెళ్లి సాయంత్రం రద్దీలో ఆ షాపు కౌంటర్ దగ్గర కూర్చోండి. బిల్లు కొట్టే కుర్రాడు మౌస్ ముట్టుకుంటాడా, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఎక్కడ చూసుకుంటాడు, ఎక్కడ ఆగి పక్కవాణ్ణి అడుగుతాడు, అన్నీ రాసుకోండి. మీరు సంతకం పెట్టించాలనుకున్న కాగితంలో వీటిలో ఎన్ని ఉన్నాయో సరిచూసి నాకు రాయి.

ఇట్లు,
మీ మామయ్య