స్టీల్ గిటారు - నిర్మల నాదం

హవాయి దీవులలో పుట్టిన స్టీల్ గిటారు 1932లో విద్యుత్ వాద్యంగా విపణికి వచ్చింది. ఉక్కు కడ్డీ తీగలపై జారుతుంటే స్వరం గాత్రంవలె సాగడమే దీని ప్రాణం. యాంప్లిఫయరు శక్తికి మించిన సంకేతం అందితే తరంగ శిఖరాలు తెగిపోతాయి. అప్పుడు 440, 550 హెర్ట్జ్ స్వరాలను జంటగా మీటితే, మీటని 330, 660 హెర్ట్జ్ స్వరాలు కూడా చొరబడతాయి. గమకం గరగరలో మునిగిపోతుంది.

కావున మొదట గెయిన్ తగ్గించి, ఎంత బలంగా మీటినా ధ్వని చీలకుండా చూడాలి. కావలసిన బిగ్గరదనాన్ని మాస్టర్ వాల్యూంతో పెంచాలి. వాల్యూం పెడల్‌ను ఆదిలోనే పూర్తిగా నొక్కక, స్వరం క్షీణించేకొద్దీ మెల్లగా నొక్కాలి.

మీటు తాకిడి సగటు ధ్వనికన్నా 10 డెసిబెల్స్ అధికమైతే దానికి పదిరెట్ల శక్తి అవసరం. ఆ శక్తి నిల్వ ఉన్నప్పుడే నాదం నిర్మలంగా నిలుస్తుంది.