మన ఇంటి ప్లగ్గును వెనక్కి పిలిచేదెవరు?

పత్రికకు వ్యాసం రాయమని కబురు వచ్చినప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాం. కానీ మా దగ్గర కాలిపోయిన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటుంది. దాని గురించి రాయడమే మేలనిపించింది.

పీజీలో చేరిన కొత్తలో ఉరవకొండ హాస్టల్ వాళ్ళం ముగ్గురం కలిసి అనంతపురంలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. చలికాలం. స్నానానికి నీళ్ళు కాచుకునేందుకు 1500 వాట్ల హీటర్ రాడ్, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు రోడ్డు పక్క బండి మీద కొన్నాం. నాలుగో రోజు పొద్దున గదినిండా కాలిన వాసన. రాడ్ ప్లగ్గు బాక్సులోనే కరిగి అతుక్కుపోయింది. మాలో ఒకడు స్విచ్ ఆపకుండానే లాగబోయి, షాక్ కొట్టి గోడ దగ్గర పడ్డాడు. ప్రాణాపాయం తప్పింది గానీ అరచేతి మీద మచ్చ అట్లే ఉండిపోయింది. సాయంత్రం బాక్సు పట్టుకొని వెళ్తే అక్కడ బండి లేదు. తిరగేసి చూశాం. కంపెనీ పేరు లేదు, ఊరు లేదు, నంబరు లేదు. బిల్లు అసలే లేదు.

లెక్క చూడండి. మన ఇండ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. 1500ను 230తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. మా బాక్సులోవి 6 ఆంపియర్ల సైజు చిన్న సాకెట్లు. రాడ్‌కు కూడా చిన్న ప్లగ్గే బిగించి ఇచ్చారు. 16 ఆంపియర్ల ప్లగ్గు, సాకెట్ వాడాలన్న సంగతి సైన్సు చదివిన మాకు తట్టలేదు, ఆ తప్పు మాదే. అయితే అంత కొద్ది తేడాకు నాలుగు రోజుల్లో ప్లాస్టిక్ కరగకూడదు. బాక్సు విప్పితే అసలు సంగతి తెలిసింది. లోపలి రేకులు కాగితంలా పలచగా ఉన్నాయి, పిన్నులను పట్టుకోవడం లేదు. పదో తరగతిలో జౌల్ నియమం చదివారు కదా! ఉష్ణం కరెంటు వర్గానికీ, నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ వదులు సందులో ఒక్క ఓమ్ నిరోధం ఉన్నా 42 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. రిపేరు షాపులో తగరం, సీసం కరిగించే సాల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లదే.

ఇదే లోపం పేరున్న కంపెనీ సరుకులో బయటపడితే ఆ కంపెనీ ప్రకటన ఇచ్చి, అమ్మిన వాటిని వెనక్కి తీసుకొని, వేరేవి ఇవ్వడమో డబ్బు తిరిగి ఇవ్వడమో చేయాలి. దీన్నే రీకాల్ అంటారు. ల్యాప్‌టాప్ అడాప్టర్‌ను గోడ సాకెట్‌కు కలిపే తీగలు వేడెక్కుతున్నాయని 29 ఫిర్యాదులు వచ్చాక, 2014లో హెచ్.పి. కంపెనీ అమెరికా, కెనడాలలోనే దాదాపు 60 లక్షల తీగలను వెనక్కి పిలిచింది. ఆ తీగ చివర ‘ఎల్.ఎస్.-15’ అని అచ్చు ఉండేది. ఆ గుర్తును బట్టే అది ఏ తీగో తెలిసేది. ఆస్ట్రేలియాలో అదే ఏడాది ఇన్ఫినిటీ అనే కరెంటు వైరును రీకాల్ చేశారు. దాని పైపొర త్వరగా పెళుసుబారుతుంది. అప్పటికే అది వేల ఇండ్ల గోడల్లోకి వెళ్ళిపోయింది! తెప్పించిన కంపెనీ మూతపడితే అమ్మిన దుకాణాలు పూనుకోవలసి వచ్చింది.

మన తెలుగు నేల మీదా జరిగింది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని విప్పి ఇంట్లో ఛార్జింగ్ పెడితే అది పేలి, నిద్రలో ఉన్న 80 ఏండ్ల పెద్దాయన చనిపోయాడు. ఆ నెలలోనే హైదరాబాద్‌కు చెందిన ప్యూర్ ఈవీ కంపెనీ 2000 స్కూటర్ల రీకాల్ ప్రకటించింది. స్కూటర్‌కు నంబరుంటుంది, కొన్నవాళ్ళ చిరునామా ఉంటుంది. మా బాక్సుకు ఏముంది?

చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలైలో ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ ప్రమాదకరమైన సరుకును వెనక్కి తీసుకోమని, డబ్బు తిరిగి ఇవ్వమని ఆదేశించగలదు. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని ఇంటి సామాన్లు కొనవద్దని 2021 డిసెంబరులో అదే సంస్థ హెచ్చరిక కూడా ఇచ్చింది. అందులో నీళ్ళు కాచే రాడ్ పేరూ ఉంది. కానీ పేరు పెట్టి పిలిస్తే కదా పలికేది! పేరే లేని వస్తువును ఏ చట్టమైనా ఎట్లా పిలుస్తుంది?

ప్లగ్గులు, సాకెట్లు, స్విచ్చులు, హీటర్ రాడ్‌లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. గుర్తు పైన ఐ.ఎస్. నంబరు ఉంటుంది. ప్లగ్గుకు, సాకెట్‌కు 1293, రాడ్‌కు 368. కింద సి.ఎం./ఎల్. అని లైసెన్సు నంబరు ఉండాలి. గుర్తును దొంగగా అచ్చువేసే వాళ్ళూ ఉన్నారు కాబట్టి ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, తయారుచేసిన కంపెనీ పేరు వస్తుంది. ఫిర్యాదుకు 1915 నంబరుంది. ఇంకొక మాట. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడం మన హాస్టల్ విద్యల్లో ఒకటి, మేమూ చేశాం. అది ఎర్త్ పిన్ను. మిగతా రెండింటికంటే ముందే తగలాలని దాన్ని పొడవుగా చేస్తారు.

సెలవులకు ఇంటికి వెళ్తే అక్కడా అలాంటి బాక్సే. మా నాయన వేలిముద్ర మనిషి. “మూడేండ్ల నుంచి పని చేస్తాంది కదరా, ఇప్పుడేమొచ్చింది?” అన్నాడు. కాలిన బాక్సు చూపించాక మారు మాట్లాడలేదు. ఉరవకొండ బజారులో కొత్తది కొన్నాం. “ఇంత దానికి బిల్లెందుకప్పా?” అన్నాడు దుకాణదారు. రాయించుకునే వచ్చాం. ఆ బిల్లును నాయన రేషన్ కార్డు కవరులో పెట్టుకున్నాడు.

వార్షికోత్సవం రోజు ఆ కాలిన బాక్సును మూత విప్పి స్టడీ హాలులో ఉంచుతాం. మీ ఇండ్లలో అనుమానంగా ఉన్న ప్లగ్గులేమైనా ఉంటే తీసుకురండి, నంబర్లు కొట్టి చూద్దాం.